చీర మీది డిజైనుకి కాపీరైటు ఉందా?

మనం ప్రోగ్రాము రాసిన క్షణం నుంచే దానికి కాపీరైటు ఉంటుంది. రిజిస్టరు చేయించనక్కర్లేదు. చీర మీది డిజైను సంగతి అలా కాదు.

భారత కాపీరైట్ చట్టం (1957) 15వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు చేయించదగ్గ డిజైనుని చేయించకుండా, సొంతదారు గానీ ఆయన అనుమతితో ఇంకొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకి మించి తయారుచేస్తే, ఆ డిజైను మీద కాపీరైటు పోతుంది. అంటే, బాగా అమ్ముడయ్యే డిజైనుకే ముప్పన్నమాట! డిజైన్ల చట్టం (2000) కింద రిజిస్టరు చేయిస్తే 10 ఏళ్ళు, పొడిగిస్తే మరో 5 ఏళ్ళు హక్కు ఉంటుంది. కాకపోతే డిజైను కొత్తదై ఉండాలి, ముందే ఎక్కడా బయటపెట్టి ఉండకూడదు.

మరి పోచంపల్లి ఇక్కత్‌కి 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా? అది కాపాడేది ముఖ్యంగా పేరుని. నూలుకి ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేసే ఆ డిజైనుని ఎవరైనా మిల్లుగుడ్డ మీద అచ్చువేసి వేరే పేరుతో అమ్మితే, ఈ గుర్తింపుతో ఆపడం కష్టం.

ఇక ఒమాన్. ఇండియాలో చేయించిన డిజైను రిజిస్ట్రేషన్ ఇక్కడ చెల్లదు. ఇక్కడి చట్టం 67/2008 రాయల్ డిక్రీతో వచ్చింది. రెండు దేశాలూ పారిస్ ఒప్పందంలో ఉన్నాయి కనక, ఇండియాలో దరఖాస్తు పెట్టిన 6 నెలల్లోపు ఇక్కడా పెట్టి, ఆ మొదటి తేదీనే లెక్కలోకి తీసుకోమని అడగొచ్చు.

ఊళ్ళో నేతపనివాళ్ళకి వెబ్‌సైటు చేసిపెట్టే మిత్రులకో మాట. కొత్త డిజైను ఫోటో నెట్‌లో పెట్టడం కూడా బయటపెట్టడమే. ముందు దరఖాస్తు, తర్వాతే ఫోటో.