పొలానికి దారి – చట్టం ఏమంటుంది?

సైన్సు చదివేవాడికి చట్టంతో ఏం పని అని మీరు అడగవచ్చు. నిరుడు యాసంగి కోతల దాకా నేనూ అట్లాగే అనుకున్నాను.

మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె. మా తాత, ఆయన తమ్ముడు 1983లో భూమి పంచుకున్నారు. రోడ్డు పక్క చెలక చిన్నతాతకు, వెనక బాయి కింది పొలం మాకు వచ్చాయి. మా బండి చిన్నతాత చెలకలోనుంచే పోయేది. దానికి తెల్లకాగితం మీద ఒప్పందం కూడా రాసుకున్నారు. ఆ కాగితం నలభై ఏండ్లు మా ఇంట్లో సందుగలో భద్రంగా ఉంది. నిరుడు చిన్నతాత కొడుకులు ఆ చెలక అమ్మారు. కొన్నాయన కడీలు పాతి ముళ్ళకంచె వేశాడు. హార్వెస్టర్ రోడ్డు మీదే ఆగిపోయింది. కూలీలతో వరి కోయించి, పక్కవాళ్ళను బతిమాలి, మోపులు వాళ్ళ గట్ల మీదుగా నెత్తిన మోశాం.

నాయిన ఆ కాగితం పట్టుకొని జగిత్యాలలో ఒక వకీలు దగ్గరికి పోతే నేనూ వెంట పోయాను. "నా ఇష్టమున్నన్ని దినములు బండి పోనిచ్చెదను" అన్న వాక్యం కింద ఆయన వేలు పెట్టి, "ఇది హక్కు కాదయ్యా, అనుమతి" అన్నాడు. ఆ తేడా ఏమిటో చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం చెప్పే సూత్రం ఇది. అనుమతిని చట్టం లైసెన్సు అంటుంది. అది మనిషి మనిషికి ఇచ్చేది. భూమి చేతులు మారితే కొన్నవాడు దానికి కట్టుబడనక్కర లేదు. ఈజ్‌మెంట్, అనగా దారి హక్కు, భూమిని అంటిపెట్టుకొని ఉంటుంది. ఎవరు అమ్మినా, ఎవరు కొన్నా పోదు.

ఈ హక్కు ముఖ్యంగా మూడు తీర్లుగా వస్తుంది.

మొదటిది దస్తావేజు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వంద రూపాయలు, ఆపై విలువగల స్థిరాస్తి హక్కును కల్పించే పత్రం రిజిస్టరు కావాలి. పెద్దమనుషుల సంతకాలు ఎన్ని ఉన్నా ఆ లోటు తీరదు.

రెండవది చిరకాల వాడకం. 20 ఏండ్లు బాహాటంగా, గొడవ లేకుండా, అంతరాయం లేకుండా, హక్కుగా నడవాలి. ప్రభుత్వ భూమి అయితే 30 ఏండ్లు. 1963 కాలపరిమితి చట్టం 25వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. ఎవరైనా అడ్డుకట్టినాక తెలిసీ ఏడాది ఊరుకుంటే, అది అంతరాయం కిందనే లెక్క. మరి మేము నలభై ఏండ్లు నడిచాం కదా? ఇక్కడే దెబ్బ తగిలింది. అనుమతి మీద నడిచిన ఏండ్లు ఈ లెక్కలోకి రావు. మేము దాచుకున్న కాగితమే మాకు ఎదురు సాక్ష్యమైంది!

మూడవది అవసరం. ఉమ్మడి భూమి పంచుకున్నప్పుడు, ఒకరి వాటా మీదుగా తప్ప ఇంకొకరి వాటాకు దారే లేకపోతే, ఏ కాగితం లేకున్నా 13వ సెక్షన్ దారి హక్కు ఇస్తుంది. అయితే దారి లేకపోవడం వేరు, దగ్గరి దారి లేకపోవడం వేరు. సిరిసిల్ల నుంచి వచ్చే నా మిత్రుని ఇంట్లో మరమగ్గాల షెడ్డుకు పక్కింటి సందు దగ్గర. కాని వెనకనుంచి చుట్టుదారి ఉంది. కనుక అవసరమన్న వాదన అక్కడ నిలవదు. మాకు ఒక దిక్కు వాగు, మిగిలిన దిక్కులా పరుల పొలాలే. అందుకే వకీలు ఆ కాగితం పక్కన పెట్టి, 1983 నాటి పంపకాల వివరం అడిగాడు. దావా వేశాం, ఇంకా తేలలేదు.

మిత్రులారా! దసరాకు ఇంటికి పోయినప్పుడు మీ పొలానికి ఏ బాటన పోతారో ఒకసారి చూడండి. గ్రామ నక్షలో అది బండ్ల బాటగా ఉందా, లేక ఎవరి పట్టా భూమిలోనైనా ఉందా? పట్టా భూమి అయితే, ఇచ్చినవాళ్ళు ఉండగానే, మాట మంచిగా ఉండగానే, బాట వెడల్పు, హద్దులు రాసి రిజిస్టరు చేయించుకోండి. అన్నదమ్ముల నడుమ రిజిస్ట్రీ ఎందుకని మా తాత అన్నాడట. చెలక అమ్మింది ఆయన తమ్ముడు కాదు, తమ్ముని కొడుకులు.