ముత్తాత కట్టిన మిద్దెకు రక్షణ దొరుకుతుందా?

ప్రశ్న: పలమనేరు దగ్గర పల్లెలో మా ముత్తాత కట్టిన చవుడు మిద్దె ఉంది. వందేళ్లు దాటింది. ప్రభుత్వం వారసత్వ కట్టడంగా కాపాడుతుందా?

జవాబు: వయసు ఒక్కటే చాలదండీ. 1958 నాటి కేంద్ర చట్టం కింద కట్టడానికి కనీసం వందేళ్లు నిండాలి, దానికి జాతీయ ప్రాముఖ్యం ఉందని ప్రకటించాలి. చంద్రగిరి రాజమహల్‌కు ఆ రక్షణ ఉంది. రాష్ట్రానికి 1960 చట్టం ఉన్నా, పల్లె ఇంటికి అందులో చోటు దక్కడం కష్టం. ఇది పెద్ద లోటని నా అభిప్రాయం. సీమ రైతు ఎండకూ కరువుకూ ఎట్లా తట్టుకుని బతికాడో ఈ మిద్దెలే చెబుతాయి.

కాబట్టి ముందు మీరే పూనుకోవాలి. దూలాలు, దంతెల మీద పరిచిన చవుడు ఏటా వానకు పలచబడుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవకముందే కొత్త చవుడు వేయించి, నీళ్లు నిలవకుండా వాలు సరిచేయించండి. మట్టి గోడకు సిమెంటు పూత మాత్రం వద్దు. లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ గుల్లవుతుంది, అందులో దిగిన దూలం కొసలు పుచ్చిపోతాయి. సున్నమే వాడండి. పని మొదలుపెట్టే ముందు గదుల కొలతలు, ఫొటోలు భద్రపరిచి, వారసత్వ పరిరక్షణ కోసం 1984లో ఏర్పడిన ఇన్‌టాక్ సంస్థకు రాసి సలహా అడగండి. వాటాదారులుంటే అందరి సమ్మతినీ ఇప్పుడే కాగితం మీద పెట్టించండి.