ఎంప్రెస్ బరువెంత? ఒక ఓడ కథ, ఒక చిన్న లెక్క

రోడ్డు మీద పత్తి లారీ ఎదురొస్తే మన బండి మార్జిన్ దిగాల్సిందే. రెండు వైపులా అంతంత ఉబ్బి ఉంటుంది. అదే చీమకుర్తి నుంచి వచ్చే గ్రానైట్ లారీ మీద ఒకే ఒక్క దిమ్మ, ఎత్తు కూడా పెద్దగా ఉండదు. కాటా ఎక్కిస్తే ఏది ఎక్కువ తూగుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఓడల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇదే తేడా మర్చిపోతాం. 2022 జూన్ 8న కార్డీలియా వాళ్ల 'ఎంప్రెస్' విశాఖ వచ్చినప్పుడు దాని గ్రాస్ టన్నేజ్ 48,563 అని చదివి, నేనైతే అన్ని టన్నుల బరువే అనుకున్నాను. కాదు. అది పత్తి లారీ కొలత. అంటే ఓడలో మూసి ఉన్న చోటంతా ఎంత ఉందో చెప్పే అంకె. సూత్రం ఇదీ: జీటీ = కె × వి. ఇందులో వి అంటే ఘనపు మీటర్లలో ఆ చోటు, కె = 0.2 + 0.02 × లాగ్ వి (బేస్ 10). వి దగ్గర 1,60,000 పెట్టి చూడండి, కె 0.304 వస్తుంది, జవాబు సుమారు 48,650. అంటే ఎంప్రెస్ లోపల రమారమి 1.6 లక్షల ఘనపు మీటర్ల చోటుంది. నడి మధ్యలో అంతస్తుల కొద్దీ ఎత్తున్న ఖాళీ హాలు కూడా ఆ లెక్కలోదే!

పొడవు సుమారు 211 మీటర్లు. ఇప్పటి 'ఐకాన్ ఆఫ్ ది సీస్' టన్నేజ్ దీనికి ఐదు రెట్లు. మరి ఇంత చిన్నది ఇన్నాళ్లు ఎలా బతికింది?

చిన్నది కాబట్టే అని నా అభిప్రాయం. 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో తయారైంది, అదీ మూడు నాలుగు రోజుల ట్రిప్పుల కోసమే. 2004లో పేరు మారి 'ఎంప్రెస్ ఆఫ్ ది సీస్' అయింది. 2008లో స్పెయిన్ కంపెనీ పుల్‌మంతూర్‌కి వెళ్లి, 2016లో మళ్లీ రాయల్ కరీబియన్‌కే తిరిగొచ్చింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ క్యూబాలోని హవానాకి పంపిన మొదటి ఓడ ఇదే.

దీని ఈడుదే ఇంకొకటి ఉంది. అదే 1990లో ఇటలీలో 'క్రౌన్ ప్రిన్సెస్'గా తయారై, 2019లో 'కర్ణిక' పేరుతో ముంబై నుంచి తిరిగిన ఓడ. టన్నేజ్ దాదాపు 70 వేలు. కొవిడ్ దెబ్బకి దాన్ని నడిపే కంపెనీ మూతపడింది. 2020 చివర్లో కర్ణికని గుజరాత్‌లోని అలంగ్‌కి తుక్కు కింద అమ్మేశారు. సరిగ్గా అప్పుడే ఎంప్రెస్ కూడా అమ్మకానికొచ్చింది. వయసు చూస్తే రెండూ ముప్పై ఏళ్లవే. ఒకటి గ్యాస్ కట్టర్ల కిందికి పోయింది, ఇంకోటి 2021 సెప్టెంబరులో ముంబై నుంచి ప్రయాణికులతో బయల్దేరింది. ముంబై నుంచి గోవాకి వీకెండ్ ట్రిప్పు అంటే, మయామీ నుంచి బహామాస్‌కి అది మొదట్లో చేసిన పనే కదా.