పెద్దపేగు ఆపరేషన్: ఎవరితో, ఎన్ని విడతల్లో?

అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న ఉద్యోగులకు ఆపరేషన్ మాట రెండు చోట్ల వినబడుతుంది. ఒకటి ఆస్పత్రి మంచం మీద. సెలైన్‌తో పాటు స్టిరాయిడ్లు ఎక్కించి మూడు రోజులైనా రక్తవిరేచనాలు తగ్గవు, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందు ఇచ్చి చూస్తారు, అదీ పనిచేయకపోతే పెద్దపేగు తీసేయాల్సిందే అంటారు. రెండోది ఓపీలో, నింపాదిగా. స్టిరాయిడ్ తగ్గించినప్పుడల్లా జబ్బు తిరగబెడుతున్నా, బయాప్సీలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు కనబడినా అక్కడ ఈ ప్రస్తావన వస్తుంది. మొదటి పరిస్థితిలో సర్జన్‌ను వెతుక్కునే తీరిక ఉండదు. అందుకే ఒక మందు పోయి ఇంకో మందు వస్తున్న దశలోనే, ఇంకా డ్యూటీకి వెళ్లగలుగుతున్నప్పుడే, సర్జన్‌ను ఒకసారి కలిసి రండి. కలిసినంత మాత్రాన కోయించుకోవాలని ఏమీ లేదు.

వెళ్లే ముందు ఫైలు సరిచూసుకోండి. జబ్బు నిజంగా అల్సరేటివ్ కొలైటిసేనా, క్రోన్స్ అనే మరో పేగు జబ్బు కాదు కదా అన్నది ముఖ్యం. క్రోన్స్ అయితే పెద్దపేగు తీశాక చిన్నపేగుతో కట్టే సంచి, అంటే పౌచ్, చెడిపోయే ప్రమాదం బాగా ఎక్కువ. మన దేశంలో పేగు క్షయ కూడా క్రోన్స్ వేషం వేసుకుని వస్తుంది. పాత బయాప్సీ రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. ల్యాబ్ నుంచి స్లైడ్లు, బ్లాకులు అడిగి తీసుకుని, పేగు జబ్బులు ఎక్కువగా చూసే మరో పెథాలజిస్టుకు చూపించండి. మందులు పనిచేయలేదని తేల్చే ముందు సీఎంవీ వైరస్, సీ డిఫిసిల్ బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లు లేవని చూశారో లేదో గ్యాస్ట్రో డాక్టరును అడగండి.

ఇక అసలు విషయం. చాలామంది దీన్ని ఒకే ఆపరేషన్ అనుకుని ఒకే సర్జన్ కోసం వెతుకుతారు. నా లెక్కలో ఇవి రెండు వేర్వేరు నిర్ణయాలు. పెద్దపేగు తీసి, చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి (దీన్నే స్టోమా అంటారు) బ్యాగ్ పెట్టడం మొదటిది. అత్యవసరమైతే దీన్ని అనుభవమున్న జీర్ణకోశ సర్జన్ ఎవరైనా చేయగలరు. అప్పుడు పురీషనాళాన్ని, అంటే మలద్వారానికి పైనున్న చివరి భాగాన్ని, కదపకుండా వదిలేయమని ముందే మాట్లాడుకోండి. అది చెక్కుచెదరకుండా ఉంటే తర్వాతి దారులన్నీ తెరిచే ఉంటాయి. రెండోది పురీషనాళం తీసి, చిన్నపేగుతోనే సంచి లాంటి పౌచ్ కట్టి మలద్వారానికి కలపడం. 1978లో లండన్ సెయింట్ మార్క్స్‌లో పార్క్స్, నికల్స్ ఈ పద్ధతిని ప్రకటించారు, 1980లో జపాన్‌కు చెందిన ఉత్సునొమియా దానికి జె ఆకారం ఇచ్చారు. ఇప్పుడు ఎక్కువగా చేసేది ఆ జె పౌచ్‌నే. నరాల మధ్య, ఇరుకైన కటి లోపల చేసే పని ఇది. సర్జన్‌ను వెతికి వెతికి ఎంచుకోవాల్సింది దీనికే. అందుకోసం హైదరాబాద్, వెల్లూరు ఎక్కడికైనా వెళ్లవచ్చు, క్యాన్సర్ భయం లేకపోతే నెలలు ఆగినా నష్టం లేదు.

అడగాల్సిన మొదటి ప్రశ్న, "డాక్టరుగారూ, మీరు ఏడాదికి ఎన్ని పౌచ్‌లు కడతారు?" మొత్తం పేగు ఆపరేషన్ల సంఖ్య చెబితే ఊరుకోవద్దు, పౌచ్‌ల లెక్కే అడగండి. ఏడాదికి పది కూడా చేయని చోట ఫలితాలు తగ్గుతాయన్నది యూరప్‌లో నిపుణుల మాట. పౌచ్ లీకైతే ఏం చేస్తారు, పౌచ్‌కు వాపు (పౌచైటిస్) వస్తే చూసే గ్యాస్ట్రో డాక్టరు అక్కడే ఉంటారా అన్నవీ అడగండి. జవాబుకు విసుక్కునే సర్జన్ దగ్గర ఏళ్ల తరబడి ఫాలో అప్ కష్టం.

లాపరోస్కోపీయా, రోబోనా అన్న ప్రశ్న మీద మనవాళ్లు ఎక్కువ సమయం పెడతారు. చిన్న కోతలైతే కోలుకోవడం తొందరగా ఉంటుంది, లోపల అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోవడం తక్కువ. అంతకుమించి, యంత్రం కంటే దాన్ని నడిపే చేయి ముఖ్యం. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లకు మాత్రం ఇది పెద్ద విషయమే. పౌచ్ ఆపరేషన్ తర్వాత ఇలా అతుక్కుపోవడం వల్ల సహజంగా గర్భం వచ్చే అవకాశం తగ్గుతుంది. అందుకే కొందరు మొదటి విడత దగ్గర ఆగి, బ్యాగ్‌తోనే పిల్లల్ని కని, తర్వాత పౌచ్‌కు వెళతారు.

విడతలు ఎన్ని అన్నది మీ ఒంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకుమించి ప్రెడ్నిసొలోన్ ఆరు వారాలు దాటి వాడుతుంటే, రక్తం, బరువు బాగా తగ్గి ఉంటే, మూడు విడతలే క్షేమం: పేగు తీయడం, కోలుకున్నాక పౌచ్, రెండు మూడు నెలలకు తాత్కాలిక బ్యాగ్ మూసేయడం. "ఒకేసారి అయిపోతే సెలవు కలిసొస్తుంది" అని సర్జన్‌ను తొందరపెట్టకండి. మొదటి రెండు విడతలకు ఆరు నుంచి ఎనిమిది వారాల చొప్పున, మూడోదానికి మూడు నాలుగు వారాలు సెలవు అనుకుని ప్లాన్ చేసుకోండి. బరువులెత్తే పనైతే ఇంకా ఎక్కువ.

పౌచ్ వద్దనుకుని శాశ్వతంగా బ్యాగ్‌తో ఉండిపోవడం కూడా మంచి నిర్ణయమే, అది ఓటమి కాదు. పౌచ్ బాగా పనిచేసినా రోజుకు నాలుగు నుంచి ఏడుసార్లు బాత్రూమ్‌కు వెళ్లాలి, రాత్రి ఒకసారి లేవాల్సి రావచ్చు. జబ్బు రోజుల్లో ముంచుకొచ్చిన తొందర మాత్రం చాలావరకు పోతుంది. క్లాసు మధ్యలో బయటికి వెళ్లలేని టీచరు, దూరపు సర్వీసు డ్రైవరు ఈ లెక్క వేసుకోవాలి. బ్యాగ్ మూడో వంతు నిండగానే ఖాళీ చేయడానికి కొద్ది నిమిషాలు చాలు.

బ్యాగ్ ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కు ముందే పొట్ట మీద మార్కర్‌తో గుర్తు పెట్టించుకోండి. స్టోమా నర్సు ఉంటే ఆమే చేస్తుంది. ఆ రోజు ఉద్యోగానికి వేసుకునే బట్టల్లోనే వెళ్లండి. ప్యాంటు బెల్టు ఎక్కడ పడుతుంది, చీర కింద లంగా బొందు ఎక్కడ బిగుస్తుంది, కుర్చీలో కూర్చున్నప్పుడు పొట్ట ఎక్కడ మడత పడుతుంది, అన్నీ చూపించండి. నిలబడి, వంగి, బాసింపట్టు వేసుకుని, నమాజు చేసేవాళ్లయితే సజ్దా చేసి కూడా చూపించాలి. గుర్తు మీ కంటికి కనబడాలి, చేతికి అందాలి. బొందు కిందికి పోయిన స్టోమాతో రోజూ లీకేజీల గొడవే. ఇది అడగకుండా చేసే ఆస్పత్రులు తక్కువ, కాబట్టి మీరే అడగాలి.

ఎండాకాలంలో బ్యాగ్ ఉన్నవాళ్లు ఉత్త మంచినీళ్లే తెగ తాగితే ఉప్పు ఇంకా పోతుంది. ఓఆర్‌ఎస్, ఉప్పేసిన గంజి డ్యూటీకి వెంట తీసుకెళ్లండి. బ్యాగ్‌లోకి వచ్చేది రోజుకు లీటరున్నర దాటితే డాక్టరుకు ఫోన్ చేయండి.

డబ్బు, సెలవుల సంగతి తేదీ ఖాయం చేయకముందే తేల్చుకోవాలి. గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటే మూడు అడ్మిషన్లు ఏయే పాలసీ ఏడాదుల్లో పడతాయి, గది అద్దె పరిమితి ఎంత, బ్యాగుల ఖర్చు వస్తుందా అని క్లెయిములు చూసే సంస్థను (టీపీఏ) మెయిల్‌లోనే అడగండి, ఫోన్ మాట నిలవదు. ఈఎస్‌ఐ పరిధిలో ఉండి, కట్టాల్సిన చందా నిండితే జబ్బు సెలవుకు వేతనంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డున్నవాళ్లు నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, ఏ విడతకు ఏ ప్యాకేజీ వర్తిస్తుందో విడివిడిగా రాయించుకోవాలి. ఆఫీసులో జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. సెలవు చీటీలో "పొట్ట ఆపరేషన్, విడతలవారీగా" అని రాసి, బాత్రూమ్‌కు దగ్గరగా సీటు, మొదటి మూడు నెలలు నైట్ షిఫ్టు మినహాయింపు కావాలని సర్జన్ లెటర్‌హెడ్ మీద రాయించి జతచేస్తే సరిపోతుంది.