ఆడదూడల సూది: మన భద్రాచలం వైపు ఆవులకు ఎంతవరకు పనికొస్తుంది?

వీడియోలో చూపించిన సన్నటి గొట్టాన్నే స్ట్రా అంటాం. అందులో ఉన్నది లింగ నిర్ధారిత వీర్యం. చాలామంది ఆడదూడల సూది అంటున్నారు. ఇది వేయిస్తే పెయ్యే పుడుతుందా అని అందరూ అడుగుతారు. నూటికి తొంభై పాళ్లు పెయ్యే. మిగతా పదీ కోడెలే, అది ముందే తెలుసుకోండి.

ఆబోతు వీర్యంలో ఎక్స్, వై అని రెండు రకాల కణాలుంటాయి. ఎక్స్ కణంలో డీఎన్ఏ సుమారు 4 శాతం ఎక్కువ. మెరిసే రంగు పట్టించి లేజర్ ముందు నుంచి ఒక్కో కణాన్నీ పంపితే ఎక్స్ కణం కాస్త ఎక్కువ మెరుస్తుంది, యంత్రం దాన్ని వేరు చేస్తుంది. ఈ పనిలో కణాలు దెబ్బతింటాయి. పైగా మామూలు స్ట్రాలో 2 కోట్ల కణాలుంటే ఇందులో 20 లక్షల చుట్టూ మాత్రమే ఉంటాయి. అందుకే చూలు నిలవడం తగ్గుతుంది.

ఒక లెక్క వేద్దాం. వంద మామూలు సూదులకు 40 చూళ్లు నిలిస్తే 20 పెయ్యలు. ఈ సూదికి 32 మాత్రమే నిలిచినా 28, 29 పెయ్యలు వస్తాయి. లాభమే. కానీ ఒక్క ఆవున్న రైతుకి ఈ సగటుతో పనేముంది? నిలవకపోతే మళ్లీ ఎదకొచ్చేదాకా 21 రోజుల మేత దండగే కదా.

మన దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. చర్ల, దుమ్ముగూడెం వైపు ఆవులు పొద్దున్నే అడవికి పోతాయి. ఎద ఎప్పుడొచ్చిందో మనకి తెలీదు, మందలో ఆబోతు ముందే దాటేసి ఉంటుంది. అలాంటి ఆవుకి ఈ స్ట్రా వద్దు. వేయించాలనుకుంటే ఎదకొచ్చే రోజులకి ముందు నుంచే పశువుని ఇంటి దగ్గర కట్టేయండి (పేడ, పంచకం కూడా జీవామృతానికి చేతికందుతాయి). తీగలు వేయడం, వేరే పశువు ఎక్కితే కదలకుండా నిలబడడం చూసి టైం రాసుకోండి. ఎద మొదలైన 16 నుంచి 24 గంటల లోపు వేయించాలి. మామూలు సూది కంటే కొంచెం ఆలస్యంగానే మంచిది. బాగా ఎదిగిన, ఆరోగ్యమైన పడ్డలకి ఫలితం బాగుంటుంది. రెండుమూడుసార్లు తిరగబొర్లిన ఆవుకి వేయించకండి. పెయ్యదూడ సాధారణంగా కాస్త చిన్నగా ఉంటుంది కాబట్టి తొలిచూలు ఈత కూడా తేలిక.

స్ట్రా మైనస్ 196 డిగ్రీల నత్రజనిలో ఉంటుంది. గోపాలమిత్ర దాన్ని మీ ముందే గోరువెచ్చని నీళ్లలో కరిగించాలి. చేతులతో రుద్ది వేసేస్తానంటే ఒప్పుకోకండి.

2024 అక్టోబరు 5న మహారాష్ట్రలోని వాశింలో మన దేశంలోనే తయారైన టెక్నాలజీని విడుదల చేశారు. డోసుకి సుమారు 200 రూపాయలు తగ్గుతుందని అప్పుడు చెప్పారు. మీ పశువైద్యశాలలో ఏ జాతి స్ట్రాలున్నాయో, సబ్సిడీ ఎంతో అడగండి.

ఇంకోమాట. అరక దున్నడానికి కోడెలు కావాల్సిన ఇంట్లో అన్ని ఆవులకీ ఇదే వేయించకండి. పాలకి ఉంచుకునే ఒకటి రెండింటికి చాలు, మిగతా వాటికి ఒంగోలు మామూలు స్ట్రానో, ఊళ్లో మంచి ఆబోతో చూసుకోండి. సూది తేదీ, స్ట్రా మీది నంబరు గోడ మీదైనా రాసి, మూడో నెలలో చూడి పరీక్ష చేయించండి.