వెచ్చదనంలో మన వాటా

అక్కలూ, చెల్లెళ్లూ! మార్గశిరం మొదలైందంటే ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఏ ఇంటికి వెళ్లినా చలి ముచ్చటే. అటు మన్యంలో లంబసింగి, చింతపల్లి, అరకు వాళ్లదీ అదే మాట. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగడం అక్కడ కొత్తేమీ కాదు. ఈసారి మనం ఇంటిని, ఇంట్లోవాళ్లని వెచ్చగా ఉంచుకునే సంగతులు మాట్లాడుకుందాం. పసిపిల్లల గురించి, పెద్దవాళ్ల గురించి ఎలాగూ చెప్పుకుంటాం. ఇంకొక మనిషి గురించి కూడా గట్టిగా మాట్లాడాలని ఉంది. ఆ మనిషి మీరే.

ఒక్కసారి ఆలోచించండి. ఇంటిల్లిపాదీ దుప్పట్లో ముడుచుకుని ఉండగా ముందు లేచేది ఎవరు? వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, రాత్రి అంట్లు చన్నీళ్లతో తోమేది ఎవరు? రోజు మొత్తంలో చలి ఎక్కువగా ఉండేది కూడా సరిగ్గా ఆ వేళకే. పొద్దంతా ఎండకు కాగిన నేల రాత్రంతా తన వేడిని ఆకాశంలోకి వదులుతూనే ఉంటుంది. మబ్బు లేని రాత్రి ఇంకా తొందరగా చల్లబడుతుంది. సూర్యుడు వచ్చి మళ్లీ వేడి చేసేదాకా ఆ తగ్గడం ఆగదు. అందుకే తెల్లారగట్ల, పొద్దు పొడిచే వేళ చలి కొరికేస్తుంది. ఇంటి ఆడమనిషి తడి చేతులతో, ఒట్టి కాళ్లతో వాకిట్లో ఉండేది అప్పుడే.

కాబట్టి మొదటి మార్పు అక్కడే చేద్దాం. ఈ రెండు నెలలూ కల్లాపి, ముగ్గు కాస్త ఎండ పడ్డాక పెట్టుకుంటే లక్ష్మీదేవి ఏమీ అలిగిపోదు. ధనుర్మాసం నియమం తప్పకూడదనుకునే వాళ్లు తలకు స్కార్ఫు, ఒంటికి స్వెట్టరు, కాళ్లకు సాక్సులు, చెప్పులు వేసుకునే బయటికి రండి. అంట్లకు ఒక గిన్నెడు వేడినీళ్లు కలుపుకోండి, లేదంటే రాత్రే కడిగేసుకోండి. పని అయ్యాక చేతులు పొడిగా తుడుచుకుని నాలుగు చుక్కల కొబ్బరినూనో నువ్వులనూనో రాసుకోండి. రాత్రి పడుకునే ముందు మడమలకూ అంతే. పగుళ్లు వచ్చాక మందు వెతుక్కోవడం కంటే ఇది తేలిక.

ఇక ఇల్లు. మన ఇళ్లు ఎండాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. ఎత్తైన కప్పు, గాలి ఆడే కిటికీలు, పైన వెంటిలేటర్లు, కింద నాపరాళ్లో టైల్సో. మే నెలలో ఎంతో హాయి, డిసెంబరులో అదే ఇబ్బంది. కాబట్టి ఇల్లంతా వేడి చేయాలని చూస్తే ఖర్చే తప్ప ఫలితం ఉండదు. 2000 వాట్ల రూమ్ హీటర్ గంట సేపు వేస్తే 2 యూనిట్లు కాలుతుంది. అంతకన్నా మనిషిని వెచ్చగా ఉంచుకోవడం తెలివైన పని.

ఎండ ఉచితంగా వస్తుంది, దాన్ని వదులుకోవద్దు. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు. అందుకే దక్షిణపు కిటికీల్లోంచి ఎండ గది లోపలిదాకా పడుతుంది. పొద్దున పది నుంచి మూడింటిదాకా ఆ వైపు తెరలు తీసి ఉంచండి, ఎండ వాలకముందే మూసేయండి. తలుపు కింద సందులోంచి వచ్చే చలిగాలికి పాత చీర చుట్టగా చుట్టి అడ్డం పెట్టండి. నేల మీద జంపఖానా గానీ చాప గానీ పాత బొంత గానీ పరవండి. రాయి మన పాదాల్లోని వేడిని చటుక్కున లాగేసుకుంటుంది, గుడ్డ అలా లాగలేదు. దోమలకు భయపడి ఫ్యాను వేసుకుని, దాని కింద రెండేసి రగ్గులు కప్పుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఫ్యాను ఆపి దోమతెర కట్టుకోండి. దోమా రాదు, గాలి కదలకుండా లోపల కాస్త వెచ్చగానూ ఉంటుంది.

కప్పుకునే వాటి సంగతి. మనల్ని వెచ్చగా ఉంచేది దుప్పటి బరువు కాదు, పొరల మధ్య చిక్కుకున్న గాలి. అందుకే లావుపాటి రగ్గు ఒక్కటి కప్పుకునే కన్నా లోపల మెత్తటి నూలు దుప్పటి, దాని మీద బొంత వేసుకుంటే మేలు. స్వెట్టర్లకూ ఇదే లెక్క. పరుపులు, బొంతలు వారానికోసారి మిట్టమధ్యాహ్నపు ఎండలో వేసి దులపండి. చెమ్మ పోయి దూది మళ్లీ పొంగుతుంది, గాలిని పట్టి ఉంచుతుంది. మీ ఇంట్లో తాతల నాటి గొంగడి ఉంటే అటక మీద నుంచి దింపండి. దక్కనీ గొర్రెల ఉన్నితో, చింతగింజల గంజి పట్టించి మన కురుమలు నేసే గొంగడి ఒంటికి గరుకే, కానీ తడిసినా వెచ్చదనం వదలదు. వానలో, మంచులో గొర్లకాపరులు దాన్ని నమ్ముకున్నది అందుకే. లోపల నూలు దుప్పటి వేసుకుని పైన గొంగడి కప్పుకుంటే గరుకూ తెలియదు.

ఇప్పుడు చెప్పే మాట మాత్రం చెవిలో పెట్టుకోండి. తలుపులు మూసిన గదిలో కుంపటి వద్దు. బాలింత గదిలో మంచం కింద నిప్పులు పెట్టే అలవాటు ఇంకా చాలా ఊళ్లలో ఉంది. బొగ్గులు కాలుతుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, ఆ తర్వాత మగత. నిద్రలో ఉన్నవాళ్లకు అది కూడా తెలియదు. గాలి ఆడని బాత్రూంలో పెట్టిన గ్యాస్ గీజరుతోనూ ఇదే ప్రమాదం. ఎవరికైనా అలా అనిపిస్తే ముందు బయటి గాలిలోకి తీసుకురండి, వెంటనే 108కి ఫోను చేయండి. చలిమంట కాచుకోవాలంటే వాకిట్లోనే కాచుకుందాం. నీళ్లు కాచే కరెంటు రాడ్డు విషయంలోనూ జాగ్రత్త. ప్లాస్టిక్ బకెట్టే వాడండి, స్విచ్చి ఆపి ప్లగ్గు తీశాకే నీళ్లలో వేలు పెట్టండి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు.

బాలింత గదికి నిప్పులు లేకపోతే బిడ్డ ఎట్లా అంటారా? తల్లి గుండెల మీదే బిడ్డకు అన్నిటికన్నా మంచి వెచ్చదనం. బరువు తక్కువగా పుట్టిన పిల్లల్ని తల్లి ఒంటికి ఒళ్లు ఆనించి, పైన బట్ట కట్టి ఉంచే పద్ధతి 1970ల చివర కొలంబియాలోని బొగోటా ఆసుపత్రిలో మొదలైంది. కంగారూ సంరక్షణ అని మన సర్కారు దవాఖానాల్లోనూ నేర్పిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చేయమంటోంది. పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానం చేయించొద్దని కూడా చెబుతోంది. బిడ్డ చేతులు చల్లగా తగిలితే కంగారు పడకండి, పొట్ట, మెడ ముట్టుకుని చూడండి. అవి చల్లబడితేనే భయపడాలి, వెంటనే డాక్టరుకు చూపించాలి. నిద్రపుచ్చేటప్పుడు ముఖం మీదికి జారే వదులు దుప్పట్లు, దిండ్లు పక్కన పెట్టకండి.

పెద్దవాళ్లది ఇంకో తీరు. వయసు మీదపడ్డాక చలి వేస్తోందన్న సంగతే ఒంటికి సరిగ్గా తెలియదు. మామగారు 'నాకేం చలి లేదమ్మా' అన్నా, చేతులు మంచుగడ్డల్లా ఉంటే మీరే స్వెట్టరు తొడగండి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు పొద్దున నడక ఎండ వచ్చాకే మొదలుపెట్టాలి. మాట ముద్దముద్దగా వస్తున్నా, అడుగు తడబడుతున్నా, తికమక పడుతున్నా వయసు మహిమ అని వదిలేయకండి. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోయినా, పక్షవాతం వస్తున్నా అలాగే ఉంటుంది. రెండూ ఆలస్యం చేయకూడనివే. షుగరు ఉన్నవాళ్ల పాదాలకు స్పర్శ తక్కువ, వేడినీళ్ల సంచిని తువ్వాలు చుట్టకుండా తగిలించొద్దు. ఇంట్లో మగవాళ్లు మందు తాగితే వేడి పుడుతుందంటే నమ్మకండి. చర్మం కింది రక్తనాళాలు విప్పుకుని కాసేపు వెచ్చగా అనిపిస్తుంది, ఒంట్లోని వేడి మాత్రం బయటికి పోతుంది.

తిండి విషయంలో మన పెద్దలు దారి ఎప్పుడో వేశారు. జొన్నరొట్టె, సజ్జరొట్టె, నువ్వుల ముద్దలు, ఉలవచారు, మిరియాల చారు, నెయ్యి వేసిన పులగం. నువ్వుల్లో దాదాపు సగం నూనే ఉంటుంది, అందుకే పిడికెడు తిన్నా శక్తి. భోగికి సజ్జరొట్టెల మీద నువ్వులు అద్దేది ఊరికే కాదు. అయితే వేడి వేడి రొట్టెలు అందరికీ వడ్డించి, చల్లారినవి చివర్లో మీరు తినడం మానండి. అందరితోపాటు కూర్చుని వేడిగా తినండి. అరిగించుకునే పనిలోనే ఒంట్లో వేడి పుడుతుంది.

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైన ముచ్చట. ఎంత కప్పుకున్నా చలి వదలడం లేదా? అందరూ మామూలుగా ఉంటే మీ ఒక్కరికే చేతులు, కాళ్లు చల్లబడుతున్నాయా? ఆయాసం, నీరసం, జుట్టు రాలడం కూడా ఉన్నాయా? అది వాతావరణం తప్పు కాకపోవచ్చు. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ మందగించినా చలి ఎక్కువగా వేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో నూటికి 57 మందికి పైనే, ఆంధ్రప్రదేశ్‌లో 58 మందికి పైనే. అంటే మనలో సగం మందికి మించి! హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే, కడుపుతో ఉన్నవాళ్లకు 11 కన్నా తక్కువ ఉంటే రక్తహీనతే. ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేస్తారు. డాక్టరు ఇనుము మాత్రలు రాస్తే మధ్యలో ఆపకండి. అన్నం తినగానే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు, గంట ఆగండి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది.

ఇంట్లో అందరికీ స్వెట్టర్లు కొన్నాక మిగిలితే మనకు అనుకుంటాం కదా. ఈ ఏడు ఆ వరస మారుద్దాం. ఈ వారంలోనే సాక్సులు, స్వెట్టరు మీకోసం కొనుక్కోండి, రక్త పరీక్ష చేయించుకోండి. తెల్లారగట్ల పనుల్లో ఒకటి పెద్ద పిల్లలకో, మీ ఆయనకో అప్పజెప్పండి. పక్కింటి వదినకు కూడా ఈ మాట చెప్పండి.