ఫోటోకు ముందు ముఖం ఎందుకు తుడుచుకోవాలి?

హాల్‌టికెట్టు ఫోటో కోసం మీరు స్టూడియోకు వెళుతున్నారనుకోండి. పరీక్ష హాలులో మిమ్మల్ని గుర్తుపట్టేది దాన్ని బట్టే. కనుక కెమెరా ముందు కూర్చోబోయేటప్పుడు ముఖం శుభ్రంగా తుడుచుకోండి.

ఎందుచేత? పొడి చర్మం తన మీద పడిన కాంతిని అన్ని వైపులకూ వెదజల్లుతుంది. చెమట, తలనూనె అంటిన చర్మమైతే కొంత కాంతిని అద్దంలాగా ఒకే వైపుకు పంపుతుంది. ఆ కాంతి కెమెరా కటకంలోకి పోతే నుదురు, ముక్కు మీద తెల్లని మచ్చలు పడతాయి.

కళ్ళజోడుతోనూ ఇదే చిక్కు. పతన కోణం, పరావర్తన కోణం సమానం గదా! దీపం పైనుండి వెలుగుతుంటే గడ్డం కొద్దిగా దించండి. మెరుపు కటకానికి తగలకుండా కిందికి పోతుంది.

కళ్ళజోడున్న స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, టార్చిలైటు మీ తలపైన పట్టుకొని పరీక్షించి చూడండి.